సిమ్యులేటర్‌లో ఘాట్ రైలు మార్గం: ముందు లెక్క, తర్వాత పట్టాలు, ఆఖర్న కొండ

ట్రెయిన్ సిమ్యులేటర్‌లో మొదటిసారి ఘాట్ లైన్ కట్టేవాళ్లు చాలామంది ఎడిటర్ తెరవగానే పెద్ద బ్రష్ పట్టుకుంటారు. కొండలు లేపుతారు, లోయ తవ్వుతారు, కాసిని చెట్లు కూడా నాటేస్తారు. పట్టాలు ఎటు పోనివ్వాలా అని చూసేది ఆ తర్వాతే. అప్పటికి దారి ఉండదు. బలవంతంగా వేస్తే 5 శాతం ఎక్కుడు వస్తుంది, గూడ్సు బండి మొదటి కిలోమీటరులోనే చక్రాలు జారి నిలబడిపోతుంది. అప్పుడు కొండను కోయడం మొదలుపెడితే వేసిన రంగులూ నాటిన చెట్లూ అన్నీ పోతాయి.

ఘాట్ లైన్‌కి సరైన వరస దీనికి తలకిందులు. ముందు గ్రేడియంట్, అంటే లైను ఎంత వాలుగా ఎక్కాలో తేల్చుకోవాలి. గ్రేడియంట్‌ని బట్టి లైను పొడవు, పొడవుని బట్టి దారి, దారిని బట్టి కొండ కోత. పచ్చదనం అన్నిటికన్నా ఆఖర్న.

కింద చెప్పిన పద్ధతి ట్రెయిన్జ్ సిమ్యులేటర్‌లోని సర్వేయర్ అనే ఎడిటర్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఓపెన్ రైల్స్ అనే మరో సిమ్యులేటర్‌లో తేడా వచ్చే చోట ఆ మాట విడిగా ఉంది. టూల్ పేర్లు వెర్షన్‌ని బట్టి కొద్దిగా మారొచ్చు. లెక్కలు మాత్రం ఏ సిమ్యులేటర్‌కైనా ఒకటే.

1. రూలింగ్ గ్రేడియంట్ తేల్చుకోండి

లైను మొత్తంలో ఒక ఇంజన్ ఎంత బరువు లాగగలదో నిర్ణయించే ఎక్కుడే రూలింగ్ గ్రేడియంట్. 100 మీటర్లు నడిస్తే 2 మీటర్లు ఎక్కితే అది 2 శాతం, అంటే 50కి 1. నిజం మార్గాలు చూస్తే ఎంత పెట్టుకోవచ్చో అంచనా వస్తుంది. ఆస్ట్రియాలో 1854లో పూర్తయిన సెమ్మరింగ్ లైనులో గరిష్ఠ గ్రేడియంట్ 2.8 శాతం, అతి బిగువైన వంపు వ్యాసార్ధం 190 మీటర్లు. కాలిఫోర్నియాలోని టెహాచపి లూప్ సుమారు 2 శాతం. స్విట్జర్లాండ్‌లోని బెర్నీనా లైను పళ్లపట్టా లేకుండానే 7 శాతం ఎక్కుతుంది, కానీ అది మీటర్ గేజ్ మీద నడిచే తేలికపాటి కరెంటు బండ్ల లైను. ఆ అంకె చూసి మీ బొగ్గు వ్యాగన్ల బండికి 7 శాతం పెట్టకండి.

బరువైన గూడ్సు నడపాలనుకుంటే 1.5 నుంచి 2 శాతం చాలు. ప్యాసింజరూ గూడ్సూ కలిపి నడిపే సింగిల్ లైనుకి 2 నుంచి 2.5 శాతం. చిన్న గేజ్ మీద నాలుగైదు పెట్టెల బండికి 3 నుంచి 4 శాతం.

అంకె ఊహతో పెట్టకుండా మీరు నడపబోయే బండితో సరిచూడండి. ప్రతి టన్ను బరువుకీ, ప్రతి 1 శాతం ఎక్కుడుకీ సుమారు 98 న్యూటన్ల బలం కావాలి. 120 టన్నుల ఇంజన్ వెనక 1000 టన్నుల బండి ఉందనుకోండి. మొత్తం 1120 టన్నులు, 2 శాతం మీద 220 కిలోన్యూటన్లు. చక్రాల దొర్లుడు నిరోధానికి టన్నుకి మరో 20 న్యూటన్లు కలిపితే 242 అవుతుంది. పొడి పట్టా మీద పట్టు గుణకం 0.25 అనుకుంటే ఆ ఇంజన్ చక్రాలు జారకుండా 294 కిలోన్యూటన్ల దాకా లాగగలదు. కాబట్టి ఎక్కుతుంది. వాన పడి గుణకం 0.15కి దిగితే 176 మాత్రమే మిగులుతుంది, బండి ఆగిపోతుంది. అప్పుడు ఉన్న దారులు మూడు: రెండో ఇంజన్, వెనక నుంచి తోసే బ్యాంకర్, లేదా సగం బండి. 500 టన్నులకైతే 134 కిలోన్యూటన్లు చాలు కాబట్టి వానలోనూ గట్టెక్కుతుంది. ఈ మూడింటిలో ఏది మీకు ఇష్టమో ఇప్పుడే తేల్చుకోవాలి. బ్యాంకర్ నడపాలంటే కింది స్టేషన్లో దానికి ఒక సైడింగ్ (నిలిపి ఉంచే పక్క లైను) కావాలి, పై స్టేషన్లో విడదీసి వెనక్కి పంపే చోటు కావాలి.

పట్టు ఉన్నంత మాత్రాన సరిపోదు, పవర్ కూడా చూడాలి. 242 కిలోన్యూటన్లతో గంటకి 30 కిలోమీటర్ల వేగం నిలబెట్టాలంటే చక్రాల దగ్గర దాదాపు 2000 కిలోవాట్లు కావాలి. ఇంజన్‌కి అంత లేకపోతే బండి ఎక్కుతుంది గానీ నత్తనడకే.

2. లైను పొడవు లెక్కకట్టండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. కింది స్టేషన్ ఎత్తు 420 మీటర్లు, కనుమ పైనున్న స్టేషన్ 720 మీటర్లు. ఎక్కాల్సింది 300. రూలింగ్ గ్రేడియంట్ 2 శాతం అంటే 15 కిలోమీటర్లు అని లెక్కేస్తే తప్పు. రెండు సంగతులు కలపాలి.

మొదటిది వంపుల రాయితీ. వంపులో చక్రాలు పట్టాను ఒరుసుకుంటాయి కాబట్టి అక్కడ ఎక్కుడు తగ్గిస్తారు. లెక్క తేలిక: 1750ని వంపు వ్యాసార్ధంతో (మీటర్లలో) భాగిస్తే వంపు డిగ్రీలు వస్తాయి. ఒక్కో డిగ్రీకి 0.04 శాతం తగ్గించాలి. 300 మీటర్ల వంపు అంటే 5.83 డిగ్రీలు, 0.23 శాతం రాయితీ. అక్కడ 2కి బదులు 1.77 వేయాలి. 200 మీటర్ల వంపులో 1.65. ఓపెన్ రైల్స్‌లో వంపు నిరోధాన్ని సిమ్యులేటర్ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఈ రాయితీ ఇవ్వకపోతే బండి సరిగ్గా బిగువైన వంపులోనే ఆగుతుంది. ఘాట్ లైన్లో వంపులు సగానికి పైగా ఉంటాయి కాబట్టి సగటున 1.8 శాతం అనుకోండి. 300 మీటర్లకి 16.7 కిలోమీటర్లు.

రెండోది స్టేషన్లు. నడుమ ఎదురెదురు బండ్లు దాటుకునే క్రాసింగ్ స్టేషన్లు రెండు, ఒక్కోటి 600 మీటర్లు చదునుగా ఉంటే 1.2 కిలోమీటర్లు ఏమీ ఎక్కకుండా పోతాయి. వాలు మారే చోట్ల మెత్తదనానికి మరికొంత. మొత్తం 18 కిలోమీటర్లు అనుకోండి.

మీ లోయ మాత్రం తిన్నగా కొలిస్తే 11 కిలోమీటర్లే. మిగతా 7 ఎక్కడో ఒకచోట దాచాలి. ఘాట్ లైన్ డిజైన్ అంతా ఈ ఏడు కిలోమీటర్లలోనే ఉంది.

3. అదనపు పొడవు ఎక్కడ దాచాలి

అన్నిటికన్నా చవకైనదీ, చూడ్డానికి సహజంగా ఉండేదీ పక్క లోయ. ప్రధాన లోయలోకి వచ్చి కలిసే ఏదో వాగు వెంట 2.2 కిలోమీటర్లు లోపలికి పోయి, వాగుని వంతెన మీద దాటి, అవతలి ఒడ్డున వెనక్కి వస్తే 4.4 కిలోమీటర్లు దొరుకుతాయి. పైగా 80 మీటర్లు పైకి వచ్చిన లైను కింది నుంచి కనబడుతుంది. ఆ దృశ్యం కోసమే కదా ఇంత శ్రమా.

తర్వాత లూప్, అంటే లైను గుండ్రంగా తిరిగి తన మీదుగా తానే దాటడం. 200 మీటర్ల వ్యాసార్ధంతో పూర్తి చుట్టు 1257 మీటర్లు. రాయితీ పోను 1.65 శాతంతో 20.7 మీటర్లు ఎక్కుతుంది. కింది పట్టాకీ పై పట్టాకీ మధ్య కనీసం 7 మీటర్లు, కరెంటు తీగ ఉంటే 8 మీటర్లు కావాలి కాబట్టి ఇది ధారాళంగా సరిపోతుంది. 1876లో పూర్తయిన టెహాచపి లూప్ కొలతలు కూడా ఈ దరిదాపుల్లోనే ఉన్నాయి: చుట్టు 1.17 కిలోమీటర్లు, ఎక్కుడు 23 మీటర్లు. ఆ చుట్టు కన్నా పొడవైన బండి అక్కడ తన తోక మీదుగా తానే వెళ్తుంది. మీ బండి 400 మీటర్లే అయితే ఆ తమాషా రాదు. దానికోసం లూప్‌ని బిగించకండి, వంపు బిగుసుకున్నకొద్దీ వేగం పడిపోతుంది. లూప్ నిలబడడానికి మధ్యలో ఒక గుట్ట ఉండాలి. చదునైన నేల మీద గాల్లో తిరిగే లూప్ బొమ్మలా కనిపిస్తుంది. గుట్ట లేకపోతే చుట్టుని కొండ లోపలికి తోసి సర్పిల సొరంగం చేయొచ్చు. గోట్హార్డ్ లైనులో వాసెన్ దగ్గర ఇదే చేశారు. ఊరి చర్చి ప్రయాణికులకి మూడు వేర్వేరు ఎత్తుల నుంచి కనిపిస్తుంది.

మన లెక్కలో పక్క లోయ, లూప్ కలిసి 5.7 కిలోమీటర్లు అయ్యాయి. మిగిలిన 1.3 కొండ మడతల్ని అనుసరించే ఎస్ వంపులు వాటంతటవే ఇస్తాయి.

జిగ్‌జాగ్ గురించి ఒక హెచ్చరిక. డార్జిలింగ్ హిమాలయన్ రైల్వేలో ఉన్నట్టు బండి ముందుకూ వెనక్కూ కదులుతూ ఎక్కే పద్ధతి చిన్న గేజ్‌కి అందంగానే ఉంటుంది. కానీ ప్రతి కొసలోనూ బండి పొడవుకి పైన 30 మీటర్లయినా తోక లైను కావాలి, పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పట్టాలు) ప్రతిసారీ మార్చాలి, కంప్యూటర్ నడిపే ఏఐ బండ్లు అక్కడ తరచూ ఇరుక్కుంటాయి. మీరొక్కరే నడిపే లైనైతేనే పెట్టుకోండి.

ఒక భౌగోళిక సూత్రం కూడా గుర్తుంచుకోవాలి. నది పై భాగంలో రైలు కన్నా నిటారుగా దిగుతుంది, కింది భాగంలో దాదాపు చదును. లోయ చివర్లో ఎక్కుదాంలే అని నది పక్కనే తీరిగ్గా వెళ్తే, చివరి 3 కిలోమీటర్లలో 150 మీటర్ల గోడ ఎదురవుతుంది. కింది స్టేషన్ దాటగానే ఎక్కడం మొదలుపెట్టి, నదిని కింద వదిలేసి కొండవాలు పట్టుకోవాలి. లోయ చివరికి వచ్చేసరికి నదే పైకి వచ్చి పట్టాలను కలుసుకుంటుంది. నిజం ఘాట్ లైన్లలో ఇంజనీర్లు చేసిందీ ఇదే.

4. నేల సిద్ధం చేయడం

ట్రెయిన్జ్ బేస్‌బోర్డు 720 మీటర్ల చదరం. 11 కిలోమీటర్ల లోయకి పొడవునా 16 బోర్డులు, అడ్డంగా 5 బోర్డులు వేస్తే 80. పక్క లోయకి మరికొన్ని. ఓపెన్ రైల్స్‌కి వాడే రూట్లలో టైల్ 2048 మీటర్లు, నేల బిందువుల మధ్య దూరం 8 మీటర్లు. ట్రెయిన్జ్‌లో 10 మీటర్ల గ్రిడ్, 5 మీటర్ల గ్రిడ్ రెండూ ఉన్నాయి. పట్టాలు పోయే బోర్డులకి 5 మీటర్లు, దూరపు కొండలకి 10 మీటర్లు పెట్టండి. అన్నిటికీ 5 పెడితే ఫైలు బరువెక్కుతుంది, లాభం లేదు.

నిజమైన కొండ కావాలంటే డీఈఎం డేటా (నేల ఎత్తుల డిజిటల్ పటం) వాడాలి. దాన్ని ట్రెయిన్జ్ రూటుగా మార్చడానికి ట్రాన్స్‌డెమ్ అనే ప్రోగ్రామ్ ఉంది. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ కొలిచిన ఎస్ఆర్‌టీఎం డేటా ఉచితంగా దొరుకుతుంది. దాని బిందువుల దూరం సుమారు 30 మీటర్లు. అందుకే ఇరుకైన లోయ అడుగు పూడిపోయినట్టు, శిఖరం కాస్త కొట్టేసినట్టు ఉంటుంది, అడవి ఉన్న చోట చెట్ల ఎత్తు కూడా నేలలో కలిసిపోతుంది, రాడార్ నీడ పడిన నిటారు వాలుల్లో ఖాళీలు ఉంటాయి. కొండ ఆకారానికి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. పట్టాల ఎత్తుకి మాత్రం పనికిరాదు. డీఈఎం మీద పట్టాలు పరిచి నేల ఎత్తుకే వదిలేస్తే లైను రంపపు పళ్లలా వస్తుంది.

కల్పిత లోయ అయితే ముందు నది గీయండి, తర్వాత నది ఒడ్డు నుంచి వాలులు లేపండి, శిఖరాలు చివర్లో. ఈ దశలో రంగులు వద్దు, చెట్లు వద్దు.

5. పట్టాలు: ఎత్తులే ప్రాణం

ఎడిటర్‌లోకి వెళ్లే ముందు స్ప్రెడ్‌షీట్‌లో మూడు నిలువు వరసలు వేసుకోండి: దూరం, గ్రేడియంట్, ఎత్తు. ప్రతి 100 మీటర్లకీ ఒక అడ్డు వరస. ఉదాహరణకి 2.400 కిలోమీటరు దగ్గర ఎత్తు 447.20. తిన్నని లైను, 2 శాతం, కాబట్టి 2.500 దగ్గర 449.20. అక్కడ 300 మీటర్ల వ్యాసార్ధపు వంపు మొదలవుతుంది, 1.77 శాతం. 2.600 దగ్గర 450.97, 2.700 దగ్గర 452.74, 2.800 దగ్గర 454.51. మళ్లీ తిన్నని లైను. ఇలా పై స్టేషన్ దాకా పోయాక చివరి అంకె 720కి రాకపోతే దారి మార్చాల్సింది ఇక్కడే, కాగితం మీదే.

ఇక ట్రాక్ టూల్స్. ముందు ఎత్తు పట్టించుకోకుండా పై నుంచి చూస్తూ దారి మాత్రం పరచండి. వంపులో ప్రతి 25, 30 డిగ్రీల మలుపుకి ఒక స్ప్లైన్ పాయింటు (పట్టాల గీతని పట్టి ఉంచే బిందువు) చాలు, అవి సమాన దూరంలో ఉండాలి. పాయింట్లు ఎక్కువైతే వంపు నున్నగా వస్తుందనుకోవడం పొరపాటు. దగ్గరదగ్గరగా పెట్టిన కొద్దీ మధ్యలో చిన్న చిన్న వంకరలు పడతాయి, ఇంజన్ క్యాబ్‌లో కూర్చుంటే అది తెలిసిపోతుంది. ఒకే వ్యాసార్ధం కావాలంటే ఫిక్స్‌డ్ ట్రాక్ ముక్కని నేల మీద అచ్చులా పెట్టి, దాని మీదుగా స్ప్లైన్ వేసి, అచ్చు తీసేయండి. ఓపెన్ రైల్స్ రూట్లలో పట్టాలు నిర్ణీత కొలతల ముక్కలుగానే ఉంటాయి కాబట్టి ఈ బాధ లేదు, కానీ ముక్క ముక్కకీ గ్రేడియంట్ ఇచ్చుకుంటూ పోవాలి.

దారి నచ్చాక ఎత్తులు. కింది స్టేషన్ చివర ఉన్న పాయింటుకి అప్లై హైట్‌తో 420 ఇవ్వండి. అక్కడి నుంచి స్ప్రెడ్‌షీట్ ప్రకారం ఒక్కో పాయింటుకీ ఎత్తు ఇస్తూ వెళ్లండి, లేదా గ్రేడియంట్ టూల్‌తో శాతం ఇవ్వండి. ఎత్తు స్థిరపడిన పాయింటు వలయం పసుపు రంగులోకి మారుతుంది, స్థిరపడనిది తెల్లగా ఉంటుంది. తెల్లగా ఉన్న ఒక్క పాయింటు చాలు, అది నేలతో పాటు పైకీ కిందికీ పోయి లైనంతా ఎగుడుదిగుడు చేస్తుంది. పని అయ్యాక లైను మొత్తం ఒకసారి తిరిగి తెల్ల వలయాల కోసం వెతకండి.

వాలు మారే చోట ఒక్కసారిగా 0 నుంచి 2 శాతానికి దూకకండి. సుమారు 40 మీటర్లకి 0.5 శాతం చొప్పున 0.5, 1.0, 1.5, 2.0 అని నాలుగు మెట్లలో మార్చండి. ఒకేసారి మారిస్తే స్ప్లైన్ తన వంపు తాను వేసుకుని, చదునైన స్టేషన్ లైను చివర్లో చిన్న గుంట పడుతుంది. బండి ఆ గుంటలోకి తనంతట తాను దొర్లుతుంది.

వంపుల వేగం కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. స్టాండర్డ్ గేజ్‌కి వ్యాసార్ధం వర్గమూలాన్ని 3.85తో గుణిస్తే గంటకి కిలోమీటర్లలో ఉరామరి వేగం వస్తుంది. 300 మీటర్లకి 65, 200కి 50 నుంచి 55, 150కి 45.

6. చెట్టు నాటకముందే బండి నడపండి

పట్టాలు గాల్లో వేలాడుతున్నా, కొండలో దూరిపోయి ఉన్నా ఫర్వాలేదు. మీ రూటులో తిరగబోయే అత్యంత బరువైన బండిని తెచ్చి కింది నుంచి పైదాకా నడపండి. ట్రెయిన్జ్‌లో క్యాబ్ మోడ్‌లోనే నడపాలి. డీసీసీ మోడ్ బొమ్మ రైలు కంట్రోలర్ లాంటిది, అందులో ఎక్కుడు తెలియదు. వ్యాగన్లలో సరుకు నింపడం మరచిపోకండి. ఖాళీ వ్యాగన్లతో పరీక్షించి ‘భేషుగ్గా ఎక్కింది’ అనుకుంటే, తర్వాత సరుకు నింపిన రోజున బండి సగంలో ఆగుతుంది.

నడుస్తున్న బండి ఎక్కితే పరీక్ష పూర్తయినట్టు కాదు. అతి నిటారు వంపులో కావాలని ఆపి, మళ్లీ కదిలించండి. సిగ్నల్ ఎర్రగా ఉంటే డ్రైవర్‌కి ఎదురయ్యేది అదే పరిస్థితి. కదలకపోతే లోపం ఎక్కడుందో వేగం చూస్తే తెలుస్తుంది. ఆంపియర్లు పూర్తిగా ఉన్నా చక్రాలు జారితే పట్టు చాలలేదని అర్థం, బరువు తగ్గించాలి లేదా ఇంజన్ చేర్చాలి. జారకుండా మెల్లగా వేగం పడిపోతూ ఉంటే పవర్ చాలలేదు. ఒకే చోట పదేపదే వేగం పడితే అక్కడ ఏదో పాయింటు ఎత్తు తప్పుంది, గెట్ గ్రేడియంట్‌తో చూస్తే 3.4 శాతం లాంటి అంకె బయటపడుతుంది. ఓపెన్ రైల్స్‌లో వాన పెట్టి ఇంకోసారి నడపండి, అక్కడ వాతావరణాన్ని బట్టి పట్టు మారుతుంది.

7. కోత, కట్ట, వంతెన, సొరంగం

ఇప్పుడు కొండను పట్టాలకి తగ్గట్టు కోయాలి. లైను వెంట వెళ్తూ పట్టా ఎత్తుకీ నేల ఎత్తుకీ తేడా చూడండి. 15 మీటర్ల లోపు లోతుంటే కటింగ్, అంతకు మించితే సొరంగం. 15 మీటర్ల లోపు ఎత్తుంటే మట్టి కట్ట, దాటితే వంతెన. మట్టి కట్ట వాలు 1 మీటరు ఎత్తుకి ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే 12 మీటర్ల కట్టకి ఒక్కో పక్క 18 మీటర్ల జాగా పోతుంది. కింద నది ఉంటే కట్ట నదిలోకి దిగుతుంది, అక్కడ రిటైనింగ్ గోడ కావాలి.

స్మూత్ స్ప్లైన్ టూల్ నేలను పట్టాల ఎత్తుకి తెస్తుంది. కటింగులకీ కట్టలకీ ఇదే వాడండి, కానీ ముందు వంతెనల ముక్కల్ని పట్టాల నుంచి వేరు చేసుకోండి. వంతెన మీద పొరపాటున నొక్కారా, లోయ అడుగు నుంచి 40 మీటర్ల మట్టిగోడ లేచి నదిని అడ్డుకుంటుంది. వెంటనే అన్‌డూ చేయండి. అందుకే ఈ దశ మొదలుపెట్టే ముందు రూటుని వేరే పేరుతో సేవ్ చేసి, సీడీపీగా (ట్రెయిన్జ్ ఫైలు రూపం) ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

స్మూత్ చేశాక కొండవాలు మీద నేల గ్రిడ్ కోణాలు పట్టాల మీదికి పొడుచుకొస్తాయి. ఆ బిందువుల్ని చేత్తో 0.2, 0.3 మీటర్లు దించండి. రాతి కటింగులు దాదాపు నిలువుగా ఉండాలి, గ్రిడ్‌తో అది రాదు. 10 మీటర్ల గ్రిడ్‌లో 10 మీటర్ల గోడ 45 డిగ్రీలే అవుతుంది. పైగా టెక్స్చర్ పై నుంచి కిందికి పరచినట్టు పడుతుంది కాబట్టి నిటారు చోట్ల చారలుగా సాగిపోతుంది. నేలను వెనక్కి లాగి, ముందు రాతి గోడ మెష్‌లు (విడి 3డీ వస్తువులు) నిలబెట్టండి.

సొరంగాల్లో తలనొప్పి అంతా ముఖద్వారం దగ్గరే. నేలలో రంధ్రం గ్రిడ్ గడి కొలతలోనే పడుతుంది. లైను గ్రిడ్‌కి ఏటవాలుగా వెళ్తే ద్వారం పక్కన త్రికోణపు ఖాళీ మిగులుతుంది, అందులోంచి ఆకాశం కనబడుతుంది. అక్కడ 5 మీటర్ల గ్రిడ్ ఉంటే ఖాళీ చిన్నదవుతుంది. వీలైతే ద్వారాన్ని గ్రిడ్ గీతకి సమాంతరంగా జరపండి. అప్పటికీ మిగిలితే ద్వారం రెక్క గోడలు, రాళ్లతో కప్పేయండి. పొడవైన సొరంగంలో గ్రేడియంట్ కాస్త తగ్గించండి, 2 శాతం లైనులో 1.6 అలా. నిజం లైన్లలో లోపల పట్టా తడిగా ఉంటుంది, గాలి నిరోధం ఎక్కువ. ఓపెన్ రైల్స్ సొరంగపు గాలి నిరోధాన్ని కూడా లెక్కిస్తుంది.

వంపులో వంతెన వేసేటప్పుడు తిన్నని స్పాన్‌లని చిన్న ముక్కలుగా వేయండి. బెర్నీనా లైనులో 1908 నాటి బ్రూసియో సర్పిల వయాడక్ట్ (కమానుల వంతెన) చూడండి: 70 మీటర్ల వ్యాసార్ధం, 110 మీటర్ల పొడవు, తొమ్మిది కమానులు. మీ 200 మీటర్ల లూప్‌లో 60 మీటర్ల ఒకే స్పాన్ పెడితే పట్టా మధ్యలో రెండు మీటర్లకి పైగా పక్కకి జరిగిపోతుంది.

8. స్టేషన్లు, సిగ్నళ్లు

క్రాసింగ్ లూప్ (స్టేషన్లో ఒక బండిని పక్కన నిలిపే లైను) పొడవు అతి పొడవైన బండి కన్నా 15 శాతం ఎక్కువ ఉండాలి. 15 మీటర్ల వ్యాగన్లు 20, రెండు ఇంజన్లు కలిపి 340 మీటర్లు, కాబట్టి ఫౌలింగ్ మార్కుల (పక్క లైను బండికి తగలకుండా నిలవాల్సిన హద్దుల) మధ్య 400. ఆ 400 మీటర్లలో వాలు 0.25 శాతం మించకూడదు. అంతకు మించితే బ్రేకు వదిలిన వ్యాగన్ తనంతట తాను కదలడం మొదలుపెడుతుంది. చోటు చాలక లూప్‌ని వాలులోకి పొడిగించాలనిపిస్తే పొడిగించకండి, స్టేషన్‌ని లోయలో అర కిలోమీటరు ఇటో అటో జరపండి.

ప్రతి స్టేషన్‌కీ రెండు వైపులా హోమ్ (లోపలికి రానిచ్చే సిగ్నల్), రెండు లైన్లకీ స్టార్టర్లు (బయటికి పోనిచ్చే సిగ్నళ్లు). ఏఐ బండ్లకి ట్రాక్‌మార్క్‌లు పెట్టి ఏ లైనులోకి పోవాలో చెప్పాలి, లేకపోతే రెండు బండ్లు ఒకే లైనులో ఎదురెదురుగా నిలబడి ముఖాలు చూసుకుంటాయి.

పై స్టేషన్‌కి దిగుడు వైపునా, మధ్య స్టేషన్లకి పై నుంచి వచ్చే వైపునా క్యాచ్ సైడింగ్ (అదుపు తప్పిన బండిని మళ్లించి ఆపే ఎదురెక్కుడు లైను) పెట్టండి. బ్రేకు తప్పిన బండి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో అందులోకి వస్తే ఆగడానికి 14 మీటర్ల ఎత్తు ఎక్కాలి. 5 శాతం ఎదురెక్కుడుతో 283 మీటర్లు. 300 వేసుకోండి. పాయింట్లు మామూలుగా సైడింగ్ వైపే ఉండాలి, బండి హోమ్ దగ్గర ఆగిన తర్వాతే మెయిన్ లైనుకి మారాలి.

9. దిగుడు పరీక్ష

ఎక్కేటప్పుడు ఓడితే బండి ఆగుతుంది, దిగేటప్పుడు ఓడితే ఆగదు. 2 శాతం దిగుడులో బ్రేకు లేకుండా వదిలేస్తే ఒక్క నిమిషంలో వేగం గంటకి 30 నుంచి 68కి పోతుంది, ఆ నిమిషంలో 800 మీటర్లు దాటేస్తుంది. అదే 1120 టన్నుల బండిని 2 శాతం మీద సమవేగంతో పట్టి ఉంచడానికి దాదాపు 198 కిలోన్యూటన్ల ఆపు బలం కావాలి. మీ ఇంజన్ డైనమిక్ బ్రేక్ (మోటార్లతోనే బండిని ఆపే బ్రేకు) గరిష్ఠ బలం అంతకన్నా తక్కువైతే మిగతాది ఎయిర్ బ్రేక్ మోయాలి.

కనుమ దగ్గర 15 కిలోమీటర్ల వేగంలో ఉండగానే బ్రేకు పట్టించి దింపండి. వేగం పెరిగాక పట్టిస్తే ఆలస్యమే. బ్రేకు వేసి, వదిలి, మళ్లీ వెంటనే వేస్తూ పోతే వ్యాగన్లలోని సహాయక రిజర్వాయర్లు (బ్రేకు గాలి తొట్లు) నిండే సమయం లేక ప్రతిసారీ పట్టు తగ్గుతుంది. నాలుగోసారికి హ్యాండిల్ తిప్పినా ఫలితం ఉండదు. దిగుడులో వేగం బోర్డులు ఎక్కుడు వేగం కన్నా తక్కువగా, 30 నుంచి 40 మధ్య పెట్టండి. వాలు మారిన ప్రతి చోటా గ్రేడియంట్ పోస్టు నిలబెట్టండి. నడిపేవాళ్లకి దాని మీదున్న అంకె కిటికీలోంచి కనబడే కొండ కన్నా ఎక్కువ ఉపయోగం.

10. పచ్చదనం

డ్రైవర్ కిటికీలోంచి చూసేదే అలంకరించండి. పట్టాలకి అటూఇటూ 100, 150 మీటర్ల దాకా విడి చెట్లు, ఆ పైన గుంపు చెట్ల అట్టలు, 3 కిలోమీటర్లు దాటాక రంగు చాలు. వాలు 35 డిగ్రీలు దాటిన చోట రాయి, అంతకన్నా తక్కువైతే గడ్డి. ట్రెయిన్జ్‌లో రంగు వేసేటప్పుడు చతురస్ర బ్రాకెట్ల మీటలు నొక్కుతూ టెక్స్చర్‌ని తిప్పండి, లేకపోతే కొండంతా పలకల నేలలా గళ్లుగా కనిపిస్తుంది. కటింగుల అంచున, సొరంగం ద్వారం పైన చెట్లు నాటేటప్పుడు కొమ్మలు పట్టాల మీదికి రాకుండా చూసుకోండి. పై నుంచి చూస్తే ఇది తెలియదు. చెట్లు నాటాక ఒకసారి క్యాబ్‌లో కూర్చుని రెండు వైపులా లైనంతా నడిపి, అడ్డొచ్చినవి తీసేయండి.